తుపాకుల దిబ్బ మీద నమూనా ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి పక్కన కూర్చుని ఎండిన ఇప్పపూలలో పుల్లలు ఏరుతున్న అవ్వ భీమక్క. గడప దగ్గర తునికాకు కట్టలు కడుతున్న అమ్మ దుర్గమ్మ. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, మొహాన తువ్వాల కప్పుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తున్న పెదనాన్న గంగయ్య. పాత ఇనుప సామాన్ల కోసం మణుగూరు నుంచి ట్రాలీ ఆటో వేసుకొచ్చి, చెంబెడు నీళ్ళు తాగుతున్న షుకూర్ చాచా. తలుపు చాటున నిలబడి అందరి మాటలూ వింటున్న పుష్పలత.

అవ్వ లెక్కలో అయితే ఇంకా ఉన్నారు. మూలన ఉట్టి మీద పెద్దల కుండ వేలాడుతుంది. అందులో తాత ఉన్నాడు, తాత తండ్రి ఉన్నాడు, పుట్టిన నెలకే పోయిన చిన్నత్త ఉంది. ఇంట్లో ఎంతమంది అని ఎవరడిగినా అవ్వ వాళ్ళను కూడా కలిపే చెప్పేది. జనాభా లెక్కలకు వచ్చిన పంతులు ఒకసారి అవ్వ చెప్పిన పేర్లన్నీ వరసగా రాసుకుని, వయసులు అడగడం మొదలుపెట్టాక తాతకు తండ్రి కూడా ఇంట్లోనే ఉన్నాడని విని, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆ కుండలో ఉండవలసిన మనిషి ఒకడు లేడు. పుష్పలత నాన్న జోగయ్య.

"రేపు పొద్దుగాల దిబ్బ మీద పొక్లెయిన్లు దిగుతయ్ అవ్వా" అన్నాడు షుకూర్, మూతి తుడుచుకుంటూ. "రెండు లారీల మీద వచ్చినయ్. నా కళ్ళతోటి చూసిన. దక్షిణం మొన నుంచి చదును చేసుకుంట వస్తరంట."

ఇప్పపూలు ఏరుతున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. అమ్మ తల ఎత్తలేదు గాని, కడుతున్న కట్టకు నార ఇంకో చుట్టు ఎక్కువ చుట్టింది.

"గంగయ్యా, లే" అంది అవ్వ. "నిద్రపోయేటోని కాలివేళ్ళు గట్ల ఆడయి."

పెదనాన్న తువ్వాల తీసి లేచి కూర్చున్నాడు. "నేనేం చెయ్యాలె అమ్మా? పొక్లెయిన్లకు అడ్డం పడుకోవాల్నా?"

"నువ్వు అడ్డం పడుకుంటే అవి బోర్ల పడతయ్, అంత బరువున్నవ్" అంది అవ్వ. ఎవరూ నవ్వలేదు. "నా కొడుకును ఇంటికి తేవాలె. ఈ పొద్దే."

తుపాకుల దిబ్బ గోదావరి నడుమ ఉంది. ఒకప్పుడు దానికి ఎర్రదిబ్బ అని పేరట, దాని మీద పుచ్చకాయలు, మిరప పండేవట. పుష్పలత పుట్టకముందే మిలటరీవాళ్ళు దాన్ని తీసుకుని చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఎర్రజెండా ఎగిరిన రోజుల్లో అక్కడ గుండ్లు పేల్చడం నేర్చుకునేవాళ్ళు. ఆ చప్పుళ్ళకు ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. జెండా దించాక ఈ ఒడ్డు నుంచి మగవాళ్ళు పడవల మీద చాటుగా వెళ్ళి, ఇసుకలో రాలిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చేవాళ్ళు. జోగయ్య కూడా పోయేవాడు. పుష్పలత చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు అతని చేతికి దొరికింది ఖాళీ గొట్టం కాదు, పేలకుండా మిగిలిన గుండు.

ఒళ్ళు ఇంటికి వచ్చింది. పోలీసులు టార్పాలిన్ పట్టాలో చుట్టి అప్పగించారు. ఏటి ఒడ్డున మట్టి చేశారు. కాని మనిషి రాలేదు. చచ్చిన చోటికి వెళ్ళి పిలిచి తెస్తేనే చనిపోయినవాళ్ళు ఇంటికొస్తారు. అట్లా పిలవని మనిషి ఆ చోటనే తిరుగుతుంటాడు, తన ఇల్లు ఏ దిక్కునుందో మెల్లమెల్లగా మరిచిపోతాడు. మిలటరీవాళ్ళు ఉన్నన్ని రోజులు కంచె లోపలికి అడుగుపెట్టే వీలు లేకపోయింది. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఇసుకలో ఇంకేమైనా గుండ్లున్నాయేమోనని సర్కారువాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు, అప్పుడూ ఎవరినీ రానివ్వలేదు. ఆ తరువాత హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చింది. దిబ్బ మీద ఊరు కడతామంది. మామూలు ఊరు కాదు. కింద దుకాణాలు, పైన ఇళ్ళు, నడుమ తోట, బడి, దవాఖానా, బస్సులు ఆగే చోటు. గనుల్లో పని చేసేవాళ్ళు, భద్రాచలం వచ్చే యాత్రికులు, వ్యాపారస్తులు అందరూ అక్కడే ఉంటారంది. వంతెన కూడా వేస్తారట. పెదనాన్నకు ఖాకీ చొక్కా ఇచ్చి కాపలా నౌకరి ఇచ్చింది ఆ కంపెనీయే.

"నా నౌకరి పోతది అమ్మా" అన్నాడు పెదనాన్న.

"నౌకరి పోతే మళ్ళొస్తది. రేపు సిమెంటు పోసినంక వాడొస్తడా? సిమెంటు కిందికి పిలుపు పోతదా?"

పెదనాన్న కిందికి చూశాడు. "అయితే ఎవరు పిలుస్తరు? కన్నబిడ్డ పిలువాలె."

అందరూ తలుపు వైపు చూశారు.

పుష్పలతకు పదిహేనేళ్ళు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె బదులు పక్కన కూర్చునే పిల్ల 'ప్రెజెంట్' అనేది. చాలా రోజుల దాకా టీచర్లు ఆ గొంతే పుష్పలతది అనుకున్నారు. ఎవరైనా మాట్లాడిస్తే ఆమె చూపు వాళ్ళ పాదాల మీద పడేది. ఊళ్ళో సగం మందిని పాదాలతోనే గుర్తుపట్టేది.

"అది పిలుస్తదా?" అన్నాడు పెదనాన్న. "దాని గొంతు దానికే ఇనపడది."

"పిలుస్తది" అంది అవ్వ. పుష్పలతను దగ్గరికి లాక్కుని గడ్డం పట్టుకుంది. "ఇను బిడ్డా. వాడు పడ్డ చోట నిలబడు. పేరు పెట్టి పిలువు. గట్టిగ, ముమ్మారు. 'జోగయ్యా, ఇంటికి పోదాం రా' అను. అప్పుడు నీ దిక్కుకు మొదలు ఏది కదిలొస్తే అది. చీమ గానీ, పురుగు గానీ, చేప గానీ. కుండలకు తీసుకో, బట్ట కప్పు. మళ్ళ తిరిగి చూడకు, మాట్లాడకు. తలుపు కాడికి వచ్చినంక నేను లోపలి నుంచి అడుగుత. నిన్ను కాదు, వాణ్ణి అడుగుత. నీ నోటితోటి వాడే చెప్తడు. నువ్వు అడ్డం రాకు."

పుష్పలత తల ఊపింది. గడప దగ్గరి నుంచి అమ్మ మెల్లగా అడిగింది.

"అరవగలుగుతవా బిడ్డా?"

మళ్ళీ తల ఊపింది. అమ్మ తునికాకు పక్కన పెట్టి లేచి, చేపలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడానికి పక్కింటికి పోయింది. జోగయ్యకు చేపల పులుసంటే ప్రాణం. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో చేపలు వండలేదు.

ఏటి దాకా షుకూర్ చాచా తన ట్రాలీ ఆటోలో దింపాడు. వెనక పాత సైకిలు చక్రాలు, తుప్పుపట్టిన డబ్బాల నడుమ పుష్పలత కొత్తకుండ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ముందు పెదనాన్న, చాచా మాట్లాడుకుంటున్నారు. ఇంజను చప్పుడుకు సగం సగం వినపడుతున్నాయి.

"దిబ్బ మీది ఇనుము కొంటలేవంట గదా?" అన్నాడు పెదనాన్న.

"కొంటలేను అన్నా. ఒకసారి నాలుగు కంచె గుంజలు తెచ్చి దుకాణంల పెట్టిన. మా నజియా రాత్రిళ్ళు లేచి కూసునేది, ఎవరో వరసల నిలబడ్డరు అనేది. తెల్లారి తీస్కపోయి ఏట్ల పారేసిన. నాకు నష్టమే, కానీ పెండ్లాం నిద్రపోకపోతే ఇంక పెద్ద నష్టం." చాచా నవ్వి, వెంటనే ఆపేశాడు. వెనక్కి తిరిగి పుష్పలతతో అన్నాడు. "అక్కడ మీ నాయిన ఒక్కడే కాదు బేటీ. ఎన్నేండ్ల సంది ఉన్నరు జనం. వరదల కొట్టుకపోయిన వంటోడు, జరమొచ్చి పోయిన సిపాయి, యాడనో దూరదేశం నుంచి వచ్చినోళ్ళు. వాళ్ళ ఇండ్ల నుంచి వచ్చి పిలిచేటోళ్ళు లేరు గదా. జర చూసుకుని, పేరు పెట్టే పిలువు."

పుష్పలత తల ఊపింది. అప్పటికే దారి వైపు తిరిగిన చాచాకు ఆ ఊపడం కనపడలేదు.

వైశాఖం ఎండ ఇసుక మీద మండుతోంది. గోదావరి చాలా మటుకు ఇంకిపోయి, దిబ్బకు ఇవతల సన్నటి పాయ మాత్రం పారుతోంది. పెదనాన్న నాటు పడవను గెడతో తోసుకుంటూ దాటించాడు. నీళ్ళ మీద చప్పుడే లేదు. కొంగలు కూడా లేవు. దిబ్బ ఒడ్డు ఎక్కగానే పెద్ద బోర్డు కనిపించింది. దాని మీద రేపటి ఊరి బొమ్మ. తెల్లటి మేడలు, కింద రంగురంగుల దుకాణాలు, చెట్ల నీడన బెంచీలు, పిల్లలను నడిపించుకుపోతున్న ఆడవాళ్ళు, సంచులు పట్టుకున్న మగవాళ్ళు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాళ్ళకు మొహాలు లేవు. కళ్ళు, ముక్కు ఉండవలసిన చోట ఉత్త తెలుపు. బొమ్మ గీసినవాడు అంతమందికి మొహాలు గీసే ఓపిక లేక వదిలేశాడేమో అనుకుంది పుష్పలత. ఒక బెంచీ మీద మాత్రం ఎవరూ లేరు, నీడ ఉంది.

బోర్డు దాటితే ఇసుక మీద సున్నపు గీతలు, కొయ్య మేకులు, మేకులకు కట్టిన ఎర్రగుడ్డలు. ఇది రోడ్డు, ఇది బజారు, ఇది బడి అని పెదనాన్న వేలితో చూపించాడు. గీతల లోపలికి అడుగుపెట్టబోయి ఆమె ఆగింది. ఎవరో ఇంట్లోకి చెప్పకుండా జొరబడుతున్నట్టు అనిపించింది. గీతల పక్కన పాత సంగతులు ఇంకా మిగిలే ఉన్నాయి. గుండ్లకు గురిగా నిలబెట్టిన సిమెంటు గోడలు, వాటి నిండా గుంటలు. మనిషి నిలువునా దిగగలిగే కందకం. మనిషి ఆకారంలో కోసిన ఒక తుప్పు రేకు, రొమ్ము దగ్గర అవతలి వెలుగు కనపడేటన్ని బొక్కలతో.

"నాయిన పడ్డది ఆ నాలుగో గోడ ముందట" అన్నాడు పెదనాన్న, ఆగి. గొంతు తగ్గించాడు. "గోడ కొట్టేసిండ్రు బిడ్డా. ఆ జాగల ఇల్లు కట్టిండ్రు. అవ్వకు చెప్పలే."

నమూనా ఇల్లు. ఇళ్ళు కొనుక్కునేవాళ్ళకు చూపించడానికి అన్నిటికంటే ముందు కట్టింది. చుట్టూ ఎర్రటి ఇసుక, పొదలు, ఎండ, వాటి నడుమ గులాబీరంగు వేసిన రెండంతస్తుల ఇల్లు ఒక్కటే నిలబడి ఉంది. కింద దుకాణానికి ఇనుప షట్టరు. పైన కిటికీలకు పరదాలు. తలుపు మీద మామిడాకుల తోరణం, ప్లాస్టిక్‌ది.

వాళ్ళు మెట్ల దగ్గరికి రాగానే లోపలి నుంచి ప్రభాకర్ సారు వచ్చాడు. ముదిగొండ ఊరాయన, కంపెనీ తరఫున అక్కడి పనులు చూసేది ఆయనే. తెల్లచొక్కాకు చంకల్లో చెమట పట్టి ఉంది. రోజంతా మాట్లాడేవాళ్ళు లేక ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"ఏం గంగయ్యా, డ్యూటీ లేదుగా నీకు? ఎవరీ పాప?"

"మా తమ్ముని బిడ్డ సారూ. ఇల్లు చూస్తనన్నది."

"చూడాలి మరి. రేపు దుమ్ములో ఏం కనపడుద్ది? కుండేంటమ్మా? పాలు పొంగించటానికి వచ్చావా?" తన మాటకు తానే నవ్వాడు. "రా రా. చెప్పులు బయట విడువు, టైల్సు."

లోపల చల్లగా ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్ళకు కొంతసేపు ఏమీ కనపడలేదు. ప్రభాకర్ సారు గొంతు ముందు పోతూ ఉంది. ఇది హాలు, ఇది వంటిల్లు, ఇదిగో ఇట్లా నొక్కితే లైటు, కరెంటు ఇంకా రాలేదులే. బల్ల మీద ప్లాస్టిక్ ఆపిల్ పండ్లు. గోడకు ఒక కుటుంబం ఫోటో, ఎవరో నవ్వుతున్న తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు. ఎవరు వాళ్ళు అని పెదనాన్న అడిగితే, ఫ్రేముతోపాటు వచ్చారు అన్నాడు సారు.

"ఇది పిల్లల గది. ఈ మంచం చూశావా? మా పనోళ్ళను, ఇంత మంచి ఇంట్లో పడుకోండయ్యా బయట తేళ్ళున్నాయి అంటే, ఒక్కడూ పడుకోడు. దోమలంట! కరెంటు లేదు, నీళ్ళు లేవు, దోమలెట్టా వస్తాయి? కానీ పొద్దున్నే వచ్చి చూస్తే దుప్పటి నలిగి ఉంటది. రోజూ నేనే సర్దుతున్నా. ఎవరో మాకంటే ముందే గృహప్రవేశం చేసినట్టున్నారు." ఈసారి ఆయన నవ్వలేదు. ఆమె వైపు చూసి, "నువ్వు మాట్లాడవా అమ్మా?" అన్నాడు.

పుష్పలత ఆయన పాదాల వైపు చూసింది. సాక్సులు. బొటనవేలి దగ్గర చిల్లు.

అప్పుడు పెదనాన్న, "సారూ, ఆ లారీవోడు ఇసుక మీద ఇరుక్కున్నట్టుండు, జర వచ్చి చూస్తరా?" అని అబద్ధమాడాడు. ప్రభాకర్ సారు విసుక్కుంటూ బయటికి నడిచాడు. తలుపు దగ్గర పెదనాన్న వెనక్కి తిరిగి, తొందరగా అని కళ్ళతో చెప్పి, తానూ వెళ్ళాడు. వాళ్ళ గొంతులు కిటికీ కిందనే ఆగాయి. లారీ ఎక్కడ, ఏ లారీ అని సారు అడగడం, పెదనాన్న ఏదో చెప్పడం ఇంట్లో ఉన్నంత దగ్గరగా వినపడుతున్నాయి.

ఇక్కడే. ఈ మంచం కింద, ఈ టైల్సు కింద, నాన్న పడ్డాడు.

ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. ఆ పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. బళ్ళో తండ్రి పేరు అడిగితే కాగితం మీద రాసి చూపించేది. కన్నతండ్రిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తారు? పిలిచినా, గట్టిగా అరిస్తే కిటికీ కింద సారుకు వినపడుతుంది, పెదనాన్న నౌకరి పోతుంది. పిచ్చిపిల్ల అనుకుంటారు. గొంతులోకి 'జో' వరకు వచ్చి, అక్కడే ముడి పడిపోయింది. ఎవరికి తెలుస్తుంది, నాన్న అంటే నాన్నే కదా, బిడ్డ గొంతు తండ్రికి తెలియదా అనుకుంది.

"నాన్నా" అంది, తనకు మాత్రమే వినపడేటట్టు. "ఇంటికి పోదాం రా."

రెండోసారి అనేటప్పుడు హాల్లో కుర్చీ జరిగింది.

సారు గొంతు ఇంకా కిటికీ కిందనే వినపడుతోంది. పెదనాన్న దగ్గు కూడా. ఆమె మూడోసారి అంది. అన్నాక ఇల్లంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. బయటి మాటలు కూడా దూరమయ్యాయి, నీళ్ళలో మునిగి వింటున్నట్టు. పక్కనున్న స్నానాల గది తలుపు సందులోంచి చిన్న కప్ప ఒకటి వచ్చింది. గొట్టాలు కూడా బిగించని గది అది, వైశాఖ మాసం. కప్ప ఒళ్ళు తడిగా నిగనిగలాడుతోంది. అది ఎగరలేదు. మనుషులు నడిచినట్టు, ఒక కాలు తరువాత ఒక కాలు వేసుకుంటూ, తిన్నగా ఆమె దగ్గరికి వచ్చి ఆగింది.

పుష్పలత కుండ వంచింది. కప్ప తనే లోపలికి పోయింది. ఆమె బట్ట కప్పింది.

పడవలో పెదనాన్న గెడ వేస్తూ ఆమె వెనక్కి ఒకసారి చూశాడు. చూసి, మళ్ళీ ఆవలి ఒడ్డు దాకా తల తిప్పలేదు. పడవ ఆమె కూర్చున్న వైపు బాగా దిగింది. నీళ్ళు అంచు దాకా వచ్చి, పలకరించినట్టు లోపలికి తొంగిచూసి పోయాయి. అవతల షుకూర్ చాచా లేడు, మణుగూరు వెళ్ళిపోయాడు. నడిచే పోవాలి. పెదనాన్న ముందు, చాలా ముందు, దాదాపు పరుగులాంటి నడకతో పోతున్నాడు.

ఇసుకలో ఆమె వెనక అడుగులు వినపడ్డాయి.

పుష్పలతకు భయం వేయలేదు. అది ఆమెకే వింతగా అనిపించింది. అడుగులు ఒక్కలాగే పడుతున్నాయి, తేడా లేకుండా, బరువుగా. నాన్న నడక ఎట్లా ఉండేదో ఆమె గుర్తు చేసుకోవాలని చూసింది. రాలేదు. నాన్న మొహం కూడా సరిగా రాదు ఆమెకు. చేపల బుట్ట, భుజం మీద తువ్వాల, ఎండిన మడమలు గుర్తున్నాయి. ఆ మడమలు ఇట్లా అడుగులు వేసేవేమో. వెనక్కి చూడకూడదు. ఆమె ఏడుస్తూ నడిచింది, శబ్దం రాకుండా. నాన్న వస్తున్నాడు. ఆమె పిలిస్తే వచ్చాడు. జీవితంలో ఆమె పిలిస్తే ఎవరూ వెనక్కి తిరిగింది లేదు, నాన్న వచ్చాడు.

సరివితోపు దగ్గర ఆమె తల మీద ఒక చెయ్యి పడింది.

చల్లగా లేదు. జ్వరం వచ్చిన మనిషి చెయ్యిలా కాలిపోతోంది. కొంతసేపు నడినెత్తి మీదనే ఉంది. తరువాత జడ మీదికి జారింది. రిబ్బను ఊడింది. వేళ్ళు జుట్టును మూడు పాయలు చేసి, మెల్లగా, నొప్పి కలగకుండా, అల్లడం మొదలుపెట్టాయి. బాగా అలవాటున్న వేళ్ళు. ఒక చిన్న ఆడపిల్లకు రోజూ జడ వేసి పంపిన వేళ్ళు. నాన్నకు జడ వేయడం వచ్చేదా? అమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఇంటికెళ్ళాక అడగాలి అనుకుంది. జడ అల్లడం అయిపోయాక వెనక ఎవరో నిట్టూర్చారు, చాలా రోజుల తరువాత కూర్చున్నవాళ్ళు నిట్టూర్చినట్టు. జోగయ్యకు బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏరే తప్ప వేరే ధ్యాస లేదనీ, బిడ్డ తల దువ్వింది తానొక్కతేననీ అవ్వ ఎన్నోసార్లు అన్నది ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఆ సంగతిని పక్కకు తోసేసింది. ఆ చెయ్యి తీసేస్తే బాగుండదని ఆమెకు అనిపించింది.

అప్పటికే ఆమెకు తెలుసు. తెలిసి కూడా, కుండను ఇంకా గట్టిగా పొట్టకు అదుముకుంది.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. గూడెంలో ఎవరూ బయట లేరు. కుక్కలు ఆమెను చూసి అరవలేదు, లేచి పక్కకు తప్పుకున్నాయి. పెదనాన్న అప్పటికే ఇంటి వెనక నుంచి లోపలికి పోయినట్టున్నాడు. ముందు తలుపు వేసి ఉంది. వాకిట్లో అలికి ముగ్గు పెట్టారు. తలుపు సందుల్లోంచి దీపం వెలుగు, చేపల పులుసు వాసన వస్తున్నాయి.

ఆమె గడప ముందు నిలబడింది. వెనక అడుగులు కూడా ఆగాయి. రెండు మడమలు ఒకదానికొకటి తగిలి ఠక్కుమన్నాయి.

"ఎవరొచ్చిండ్రు?" లోపలి నుంచి అవ్వ గొంతు.

"నాన్న" అంది పుష్పలత.

"పేరేంది?"

ఏటి అవతల రాని పేరు ఇక్కడ తేలికగా వచ్చింది. "జోగయ్య."

అవ్వ గొంతు తలుపుకు ఇంకా దగ్గరగా వచ్చింది. "పేరు పెట్టే పిలిచినవా బిడ్డా?"

లేదు అంటే చాలు. లేదు అంటే అవ్వ కుండను తిప్పి పంపిస్తుంది. వచ్చినవాడు వచ్చిన దారినే, కాలిపోయే చేతులతో, ఆ నలిగిన దుప్పటి దగ్గరికి పోతాడు. రేపు పొద్దున పొక్లెయిన్లు. నాన్న ఎట్లాగూ రాడు. ఇల్లు మళ్ళీ ముందులాగే ఉంటుంది, చేపలు వండని ఇల్లు. వెనక ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేశారు. బతిమాలుతున్నట్టు.

"అవ్" అంది పుష్పలత.

గడియ తీసిన చప్పుడయింది. తలుపు జానెడు తెరుచుకుంది. వెలుగులో అవ్వ మొహం, దాని పైన అమ్మ మొహం. అమ్మ కొత్తచీర కట్టుకుంది. కళ్ళకు కాటుక పెట్టుకుంది. అమ్మ కుండ వైపే చూస్తోంది, ఆకలిగా.

"జోగయ్యా" అంది అవ్వ, కుండతో. "దూపయితుందా కొడుకా?"

పుష్పలత తల దానంతటదే ఊగింది. అమ్మ నోటి నుంచి ఏడుపులాంటి నవ్వొకటి వచ్చింది. చెంబు పట్టుకున్న చెయ్యి ముందుకు చాపింది.

"ఆగు దుర్గా" అంది అవ్వ. "జోగయ్యా, కుండ పట్టుకుని నిలబడ్డది ఎవరు? నీ బిడ్డ గదా. దాని పేరు చెప్పు."

పుష్పలత పెదవులు కదిలాయి. ఆమె తన పేరు కోసం ఎదురుచూసింది. నాలుక దాని మీదికి పోలేదు. గొంతు అడుగు నుంచి, తనది కాని ప్రేమతో, బరువైన మగ గొంతు ఒకటి లేచింది. ఆ గొంతు ఎంత పెద్దగా ఉందంటే, గూడెం అవతలి చివర కూడా వినపడి ఉంటుంది.

"మున్నీ."

దీపం ఒకసారి వంగి లేచింది. అమ్మ చేతిలో చెంబు వంగి, నీళ్ళు గడప మీద పడ్డాయి. అమ్మ చూపు కుండ మీది నుంచి లేచి, పుష్పలత మొహం మీదికి వచ్చి, అక్కడ నిలవకుండా భుజం మీదికి, జడ మీదికి పోయింది. ఆ ఊళ్ళో ఎవరూ వేయని అల్లిక, చివర ఎవరూ వేయని ముడి.

"అమ్మా, నేనే" అనాలనుకుంది పుష్పలత. పుష్పని అమ్మా. అనాలని నోరు తెరిచింది. బయటికి వచ్చిన మాటలు ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఎన్నడూ నేర్చుకోని భాషలో, మర్యాదగా, ఎవరో లోపలికి రానిమ్మని అడుగుతున్నారు.

"అత్తా, ఇది నా బిడ్డ కాదు" అంది అమ్మ.

అవ్వ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. అమ్మ ఆ చెయ్యి విదిలించుకుంది. కాటుక చెంపల మీదికి కారుతుండగా, రెండు చేతులతో నెట్టి, తలుపు వేసి గడియ పెట్టింది.